ఒకే కంప్యూటర్లో విండోస్, ఉబుంటు: ఫైళ్ళు ఇటూ అటూ కాపీ చేసేదెట్టా?

గెలాక్సీ_ఆఫీసు (చీమకుర్తి)

అందరికీ నమస్కారం. గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో డెస్క్‌టాప్ ఒకటే, అందులో విండోస్ 10, ఉబుంటు 24.04 రెండూ ఎక్కించి ఉన్నాయి. 1 టీబీ హార్డ్ డిస్కు: సి డ్రైవు 200 జీబీ, డి డ్రైవు 550 జీబీ, మిగతా 180 చిల్లర ఉబుంటుకి. ట్యాలీ, స్కానరు, ప్రింటరు విండోస్‌లో. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది కాబట్టి మెయిళ్ళు, నెట్ పని, స్లాబుల ఫొటోలు గింప్‌లో సరిచేసేది ఉబుంటులోకి మార్చాం.

ఇబ్బంది ఏందంటే, ఉబుంటులో డి డ్రైవు నొక్కితే ఒక్కోసారి తెరుచుకుంటుంది గానీ అందులో ఏమీ పెట్టనివ్వదు, పేస్ట్ అనేది మసకబారి ఉంటుంది. ఒక్కోసారి అసలు తెరుచుకోకుండా "రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్" అని వస్తుంది. విండోస్‌లోకి పోతే ఉబుంటు ఫైళ్ళు కంటికే కనపడవు. రోజూ 150 నుంచి 200 ఫొటోలు, నాలుగైదు ప్యాకింగ్ లిస్టులు మారాలి. డిస్కు పాడైందా? లేక సెట్టింగ్ ఏదైనా ఉందా? విండోస్‌లో ఉబుంటు ఫైళ్ళు కనపడేదానికి సాఫ్ట్‌వేర్ ఏదన్నా వేసుకోవాలా?

పెన్నాగట్టు (నెల్లూరు)

డిస్కు పాడవలేదన్నా. మీరు షట్ డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగడం లేదు, అదీ సంగతి. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అని తెచ్చారు. షట్ డౌన్ కొడితే మీ ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ, కెర్నెల్‌ని (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) అట్టానే హైబర్‌ఫిల్ అనే ఫైల్లో దాచిపెట్టి పడుకుంటుంది. పొద్దున తొందరగా లేవడానికి. అప్పటికి సి, డి రెండు డ్రైవులూ దాని చేతిలో తెరిచి ఉన్నట్టే లెక్క. ఉబుంటు వచ్చి చూసి, ఇది ఇంకొకరి వాడకంలో ఉంది అని రాయడానికి ఒప్పుకోదు. విండోస్ డ్రైవుల్లో ఫైళ్ళు పేర్చే పద్ధతి పేరు ఎన్‌టీఎఫ్ఎస్. దాన్ని ఉబుంటులో చదివే పాత ఎన్‌టీఎఫ్ఎస్-3జీ డ్రైవరు అయితే చదవనిచ్చి ఊరుకుంటుంది. 2021లో ఉబుంటుకి మూలమైన లినక్స్ 5.15తో కెర్నెల్లోకి వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్3 డ్రైవరు, సరిగ్గా మూయని డ్రైవును అసలు తెరవనే తెరవదు. మీకు వచ్చే బ్యాడ్ సూపర్‌బ్లాక్ మాట చాలాసార్లు దీని పుణ్యమే.

అది అడ్డుపడుతోంది కదా అని బలవంతంగా రాయించబాకండి. నెట్లో "రిమూవ్ హైబర్‌ఫైల్" అనే ఆప్షను చెబుతారు, దాంతో విండోస్ దాచుకున్న సెషన్ మొత్తం ఎగిరిపోతుంది. ఫోర్స్ అని పెట్టి తెరిస్తే ఇంకా చేటు: మీరు రాసిన సంగతి విండోస్‌కి తెలియదు, లేచాక తన జ్ఞాపకంలో ఉన్న పాత పట్టికనే డిస్కు మీద రాసేస్తుంది. ఉబుంటులో పెట్టిన ఫొటోలు మాయమవుతాయి, లేదంటే ఫైలు పేరు ఉండి లోపల చెత్త ఉంటుంది.

ముందు విండోస్‌లోకి పోండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ఎడమ వైపు "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ". అక్కడ టిక్కులన్నీ మసగ్గా ఉంటాయి. పైన "చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్" నొక్కితేనే చేతికొస్తాయి. "టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్" టిక్కు తీసి సేవ్ చెయ్యండి. డెస్క్‌టాపే కాబట్టి హైబర్నేషన్ మొత్తం ఆపేసినా మీకు నష్టం లేదు: కమాండ్ ప్రాంప్ట్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, స్లాష్ హెచ్, మళ్ళీ ఖాళీ, ఆఫ్. ఆ హైబర్‌ఫిల్ ఫైలు కూడా పోయి సి డ్రైవులో కొన్ని జీబీలు మిగులుతాయి.

తర్వాత అదే కిటికీలో సీహెచ్‌కేడీఎస్‌కే, ఖాళీ, డి కోలన్, ఖాళీ, స్లాష్ ఎఫ్ కొట్టండి. డ్రైవు వాడకంలో ఉంది, డిస్‌మౌంట్ చెయ్యమంటావా అని అడిగితే డి మీద తెరిచినవన్నీ మూసేసి వై కొట్టండి. ఇన్నాళ్ళూ అరకొరగా మూసిన గుర్తులు ఏమున్నా ఇది సరిచేస్తుంది. ఉబుంటులో ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ అని ఒకటుంది, అది పైపైన గుర్తు చెరుపుతుందే తప్ప లోపల తప్పులు సరిదిద్దదు. ఎన్‌టీఎఫ్ఎస్‌కి వైద్యం విండోస్ చేతే చేయించాలి.

ఇంకో సంగతి: విండోస్‌లో రీస్టార్ట్ కొడితే ఫాస్ట్ స్టార్టప్ ఉన్నా పూర్తిగానే ఆగుతుంది, షట్ డౌన్‌కే ఈ తంతు. అందుకే మీకు ఒక రోజు పనిచేసి ఒక రోజు చెయ్యనట్టు ఉండి ఉంటుంది. పెద్ద అప్‌డేట్ ఏదన్నా వచ్చాక ఆ టిక్కు మళ్ళీ పడిందేమో ఒకసారి చూసుకోండి.

కావలి_కేబుల్

ఇంత తంతు దేనికబ్బా, 64 జీబీ పెన్‌డ్రైవు ఒకటి గుచ్చి ఇందులో అందులో వాడుకోవచ్చు గదా.

పెన్నాగట్టు (నెల్లూరు)

ఎప్పుడో ఒకసారికైతే సరే. రోజూ 200 ఫొటోలంటే రెండుసార్లు కాపీ, రెండుసార్లు వెయిటింగు. ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవయితే 4 జీబీ దాటిన ఫైలు ఒక్కటి కూడా పట్టదు, ఖాళీ ఎంతున్నా సరే. ఉబుంటులో ఇంకో మెలిక ఉంది: కాపీ గీత చివరిదాకా పోయి మాయమైనా, డేటా ఇంకా ర్యాములోనే ఉండి నింపాదిగా పెన్‌డ్రైవులోకి దిగుతూ ఉంటుంది. అప్పుడు లాగేస్తే ఆఖరి ఫొటోలు సగం బూడిద రంగులో వస్తాయి. ఎజెక్ట్ కొట్టి, తీసుకోవచ్చు అని చెప్పేదాకా ఆగాలి.

ఒంగోలు_ఓపెన్‌సోర్స్

పైన చెప్పింది అయ్యాక మిగతా ఏర్పాటు నేను చెబుతాను. విండోస్‌లో ఉబుంటు ఫైళ్ళు చూసే ఆలోచన వదిలెయ్యండి. ఉబుంటు తన ఫైళ్ళు దాచుకునే ఈఎక్స్‌టీ4 పద్ధతిని విండోస్ సొంతంగా చదవలేదు. ఎక్స్‌ట్2ఎఫ్ఎస్‌డీ అనే పాత డ్రైవరును ఇప్పటికీ నెట్లో సిఫారసు చేస్తుంటారు. అది 2017 తర్వాత నిలిచిపోయింది, ఇప్పటి ఈఎక్స్‌టీ4లో ఉండే కొత్త లక్షణాలు దానికి తెలియవు. దాంతో రాయించడం అంటే ఉబుంటును పణంగా పెట్టినట్టే. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యుఎస్ఎల్‌లో మౌంట్ (డ్రైవును తెరిచి అందుబాటులోకి తేవడం) అనే సదుపాయం ఉంది గానీ అది మొత్తం డిస్కును పట్టుకుపోతుంది, విండోస్ ఉన్న డిస్కు మీద పనిచెయ్యదు. మీకున్నది ఒకటే డిస్కు. ఎప్పుడన్నా అత్యవసరంగా విండోస్‌లోంచి ఒక్క ఫైలు బయటికి తియ్యాలంటే డిస్క్‌ఇంటర్నల్స్ వాళ్ళ లినక్స్ రీడర్ ఉచితం, చదువుతుంది, రాయదు. ఆ రాయకపోవడమే మంచిది.

కాబట్టి దారి ఒకటే: రెండు పక్కలా వాడే ఫైళ్ళన్నీ డి డ్రైవులోనే పుట్టి డి డ్రైవులోనే ఉండాలి. అప్పుడు కాపీ అనే పనే చాలావరకు లేదు. సి డ్రైవును ఉబుంటులోంచి ముట్టుకోబాకండి. ట్యాలీ డేటా ఫోల్డరు డిలో ఉన్నా దాని జోలికి ఉబుంటు నుంచి పోవద్దు. బ్యాకప్ కాపీ తీసుకోవడం వరకు పర్లేదు.

డి డ్రైవు ప్రతిసారీ నొక్కకుండా తనంతట తానే తెరుచుకోవాలంటే ఉబుంటులో డిస్క్స్ అనే యాప్ తెరవండి. హార్డ్ డిస్కు బొమ్మలో 550 జీబీ ముక్క మీద నొక్కి, కింద పళ్ళచక్రం గుర్తు, ఎడిట్ మౌంట్ ఆప్షన్స్. "యూజర్ సెషన్ డిఫాల్ట్స్" ఆపండి. "మౌంట్ ఎట్ సిస్టమ్ స్టార్టప్" టిక్కు ఉండాలి. మౌంట్ పాయింట్‌లో స్లాష్ ఎంఎన్‌టీ స్లాష్ డేటా. ఐడెంటిఫై యాజ్ దగ్గర యూయూఐడీతో మొదలయ్యేది ఎంచుకోండి. అది ఆ ముక్కకుండే సొంత నంబరు, ఇంకో హార్డ్ డిస్కు తగిలించినా మారకుండా ఉంటుంది. ఫైల్‌సిస్టమ్ టైప్‌లో ఎన్‌టీఎఫ్ఎస్-3జీ. పైన పొడుగు డబ్బాలో నోఫెయిల్ అనేది ముందే ఉంటుంది, దాన్ని తియ్యబాకండి. డి డ్రైవు ఏ కారణం చేతనన్నా తెరుచుకోకపోయినా ఉబుంటు బూట్ అయ్యేది దాని వల్లే. దాని తర్వాత కామా పెట్టి యూఐడీ=1000, కామా, జీఐడీ=1000, కామా, విండోస్ అండర్‌స్కోర్ నేమ్స్ అని చేర్చండి (అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీల్లేకుండా). 1000 అనేది ఉబుంటు ఎక్కించినప్పుడు పెట్టిన మొదటి యూజరు నంబరు. అది ఇవ్వకపోతే ఫైళ్ళు ఎవరి సొత్తు అనే దగ్గర పేచీ వస్తుంది. ఆఖరున చేర్చిన విండోస్ నేమ్స్ మాట ఫైళ్ళ పేర్ల దగ్గర పనికొస్తుంది.

రీస్టార్ట్ చేశాక ఫైల్స్‌లో ఆ ఫోల్డరులోకి పోయి కంట్రోల్ డి కొడితే ఎడమ పక్క బుక్‌మార్క్ పడుతుంది.

గెలాక్సీ_ఆఫీసు (చీమకుర్తి)

టిక్కు తీశాక డి డ్రైవులో రాస్తోంది, చాలా థాంక్స్ అన్నా ఇద్దరికీ. మౌంట్ కూడా మీరు చెప్పినట్టే పెట్టాం. ఉబుంటులో ముందున్న పాత ఫొటోలు డిలోకి మారుస్తుంటే మూడు అనుమానాలు.

ఒకటి, కొన్ని ఫైళ్ళు "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్" అని కాపీ కావట్లేదు. వాటి పేర్లు "బ్లాక్ 114: 280 × 170" ఇట్టా ఉంటాయి. రెండు, దీనికి తిరగేసినట్టు. విండోస్‌లో తెలుగులో పొడుగ్గా పేర్లు పెట్టిన ఫోల్డర్లు కొన్ని డిలోంచి ఉబుంటు హోమ్‌లోకి తెస్తుంటే "ఫైల్ నేమ్ టూ లాంగ్" అంటోంది. పేరు చూస్తే వంద అక్షరాలు కూడా లేవు. మూడు, ఉబుంటులోంచి డిలో 40 జీబీ పాతవి తీసేశాం, విండోస్‌లో చూస్తే ఖాళీ పెరగలేదు.

ఒంగోలు_ఓపెన్‌సోర్స్

మొదటిదానికి కారణం ఆ కోలన్. ఉబుంటుకి పేరులో స్లాష్ తప్ప దాదాపు ఏదైనా ఒప్పుదల. విండోస్‌కి కోలన్, నక్షత్రం, ప్రశ్నార్థకం, డబుల్ కొటేషన్, నిలువు గీత, లెస్ దాన్, గ్రేటర్ దాన్ గుర్తులు, రెండు రకాల స్లాషులు పనికిరావు. పేరు చివర చుక్క గానీ ఖాళీ గానీ ఉండకూడదు. మనం చేర్చిన విండోస్ నేమ్స్ ఆప్షను అట్టాంటి పేర్లను గుమ్మంలోనే ఆపుతోంది. అది తీసేస్తే కాపీ అయిపోతుంది గానీ, విండోస్‌లో ఆ ఫైలు కనపడుతుంది, తెరుచుకోదు, డిలీట్ కూడా కాదు. మీ కొలతల గుణకారం గుర్తుతో పేచీ లేదు, కోలన్ బదులు అడ్డగీత పెట్టుకోండి. ఒక్కొక్కటి మార్చనక్కర్లేదు: ఉబుంటు ఫైల్స్‌లో అన్నీ సెలెక్ట్ చేసి ఎఫ్2 కొట్టి, "ఫైండ్ అండ్ రీప్లేస్ టెక్స్ట్"లో కోలన్ ఇచ్చి రీప్లేస్‌లో అడ్డగీత ఇస్తే మొత్తం ఒక్క దెబ్బకి మారతాయి.

ఇంగ్లీషు పేర్లయితే పెద్ద అక్షరం, చిన్న అక్షరం సంగతి కూడా చూసుకోండి. ఒకే ఫోల్డరులో ఆ తేడాతో రెండు ఫైళ్ళు ఉంటే ఉబుంటుకి అవి వేరు వేరు. విండోస్ మాత్రం ఏది నొక్కినా ఒకదాన్నే తెరుస్తుంది.

రెండోది మన తెలుగు వాళ్ళకే ఎక్కువ తగిలే బాధ. ఎన్‌టీఎఫ్ఎస్ పేరు పొడవును 255 అక్షర సంకేతాల లెక్కన చూస్తుంది. ఈఎక్స్‌టీ4 255 బైట్ల లెక్కన చూస్తుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. అంటే గరిష్ఠంగా 85. అందులోనూ మనం ఒక అక్షరం అనుకునేది కంప్యూటరుకి ఒకటి కాదు. "లక్ష్మి" అని రాస్తే మన కంటికి రెండు అక్షరాలు. లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి ఇట్టా ఏడు సంకేతాలు, 21 బైట్లు. వత్తులు, గుణింతాలు ఎక్కువుండే పేరు నలభై అక్షరాలకే నిండిపోతుంది. అంకెలు, ఖాళీలు, చివరి జేపీజీలోని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కోదానికి ఒక్కో బైటే. విండోస్‌లోనే ఆ ఫోల్డర్ల పేర్లు కుదించండి: పార్టీ పేరు పొడి అక్షరాల్లో, తేదీ అంకెల్లో. డిలోనే ఉంచి పని చేసుకుంటే ఈ పేచీయే రాదు, ఉబుంటు సొంత భాగంలోకి తెచ్చినప్పుడే అడ్డు.

మూడోదానికి: డిలో దాచిన ఫైళ్ళు కనపడేట్టు పెట్టి చూడండి, చుక్కతో మొదలయ్యే ట్రాష్-1000 అనే ఫోల్డరుంటుంది. ఉబుంటులోంచి డిలీట్ చేసినవి అందులోకి పోయాయి. విండోస్ రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా దానికి ఇది తెలియదు. ఉబుంటులో డి డ్రైవు తెరుచుకుని ఉన్నప్పుడు ఎంప్టీ ట్రాష్ కొడితే 40 జీబీ తిరిగొస్తుంది.

పాత ఫొటోలు మార్చేటప్పుడు కట్ వాడబాకండి. కాపీ చేసి, రెండు ఫోల్డర్ల మీద ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ళ సంఖ్య, మొత్తం బైట్లు సరిపోయాయో లేదో చూసి, అప్పుడు పాతవి తియ్యండి. కరెంటు పోయే ఎండాకాలం మీ వైపు యూపీఎస్ లేకుండా ఈ పని అసలు వద్దు.

ట్రంకురోడ్డు (నెల్లూరు)

ఇదే దారంలో నాదొకటి. ల్యాప్‌టాప్, విండోస్ 11, 512 జీబీ ఎస్ఎస్‌డీ. ఉబుంటు కూడా ఉంది. కానీ డి డ్రైవు లేదు, సి ఒకటే. ఉబుంటులో సి నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతోంది, లాగిన్ పాస్‌వర్డ్ కొడితే తీసుకోదు. ఇంకోటి, డెస్క్‌టాప్ మీది ఫైళ్ళు కొన్ని ఉబుంటులో తెగిపోయిన లింకుల్లా ఉంటాయని ఒకాయన అన్నాడు, నిజమేనా?

పెన్నాగట్టు (నెల్లూరు)

అది డిస్కు మీది డేటా ఇంకొకరు చదవకుండా విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం. విండోస్ 11 ల్యాప్‌టాపులు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే ఈ తాళం (డివైస్ ఎన్‌క్రిప్షన్) తనంతట తానే ఆన్ అయిపోతుంది. లాగిన్ పిన్ను, పాస్‌వర్డు దానికి పనికిరావు. 48 అంకెల రికవరీ కీ కావాలి. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంటు పేజీలో ఉంటుంది, బ్రౌజర్లో తెరిచి కాగితం మీద రాసుకోండి. ఉబుంటు అడిగిన చోట మధ్య అడ్డగీతలతో సహా కొడితే తెరుచుకుంటుంది. బయోస్‌లో సెక్యూర్ బూట్ లాంటివి మారిస్తే విండోసే ఈ కీ అడుగుతుంది, కాబట్టి ఏం ముట్టుకున్నా ముందు ఇది చేతిలో ఉండాలి.

డి లేకపోతే చేసుకోవచ్చు, అదీ విండోస్‌లోంచే. స్టార్ట్ మీద రైట్ క్లిక్, డిస్క్ మేనేజ్‌మెంట్. సి మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. లెక్క ఎంబీల్లో అడుగుతుంది: 100 జీబీ కావాలంటే 102400. ఖాళీ 200 జీబీ ఉన్నా 15, 20 జీబీకి మించి కుదించనివ్వకపోతే, కదలని ఫైళ్ళు మధ్యలో కూర్చున్నాయని అర్థం. హైబర్నేషన్, పేజింగ్ ఫైలు, సిస్టమ్ ప్రొటెక్షన్ మూడూ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి, కుదించి, మళ్ళీ పెట్టుకోండి. వచ్చిన నల్ల గీత ముక్క మీద న్యూ సింపుల్ వాల్యూమ్, ఎన్‌టీఎఫ్ఎస్. ఎక్స్‌ఫ్యాట్ కూడా రెండింట్లో నడుస్తుంది గానీ దానికి జర్నల్ (రాస్తున్న పనుల చిట్టా) లేదు, రాస్తుండగా కరెంటు పోతే తట్టుకోలేదు. లోపలి డిస్కుకి ఎన్‌టీఎఫ్ఎస్సే మేలు. కొత్త డి మీద తాళం బొమ్మ పడితే, అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో మేనేజ్-బీడీఈ, ఖాళీ, అడ్డగీత ఆఫ్, ఖాళీ, డి కోలన్ కొడితే దానికొక్కదానికే తీసేస్తుంది. సికి ఉండనివ్వండి, ల్యాప్‌టాప్ బస్సులో పోయినా లోపలివి ఇంకొకరి కంటపడవు.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఉబుంటు ముక్కలు పేరూ అక్షరమూ లేకుండా కనపడతాయి. ఖాళీ చోటనుకుని వాటి మీద డిలీట్ వాల్యూమ్ నొక్కబాకండి. ఏదన్నా ముక్కకి అక్షరం తగిలి "యూ నీడ్ టు ఫార్మాట్ ద డిస్క్" అని అడిగితే క్యాన్సిల్ తప్ప ఇంకోటి లేదు.

లింకుల సంగతి నిజమే. అవి మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌వి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మూడూ అందులోకి మళ్ళించి ఉంటే, వాటిలో కొన్నిటికి మీ డిస్కులో ఉండేది పేరు మాత్రమే, సరుకు వాళ్ళ సర్వర్లో. ఉబుంటుకి "అన్‌సపోర్టెడ్ రీపార్స్ ట్యాగ్" అని కనపడుతుంది. విండోస్‌లో ఆ ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" పెట్టి, దిగాక, మామూలు కాపీ ఒకటి కొత్త డిలో పెట్టుకోండి.

ఒంగోలు_ఓపెన్‌సోర్స్

ఇద్దరికీ పనికొచ్చేది ఇంకోటి. ఉబుంటులోంచి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ మన టైముగా చదువుతుంది, ఉబుంటు యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయం) చూస్తుంది. ఆ తేడాతో విండోస్‌లో సేవ్ చేసిన ప్యాకింగ్ లిస్టుకి తప్పు తేదీ పడి, "కొత్త ఫైళ్ళు మాత్రమే కాపీ చెయ్యి" అనే బ్యాకప్ ప్రోగ్రాములు కొత్తదాన్ని వదిలేస్తాయి. ఉబుంటు టెర్మినల్లో టైమ్‌డేట్‌సీటీఎల్, ఖాళీ, సెట్-లోకల్-ఆర్‌టీసీ, ఖాళీ, 1 కొట్టండి. ఉబుంటు కూడా మన టైమే వాడుకుంటుంది.

లెటర్‌హెడ్లు, పాత కొటేషన్లు 'అను' అనే తెలుగు ఫాంట్లలో కొట్టి ఉంటే ఉబుంటు లిబ్రె ఆఫీసులో గజిబిజి ఇంగ్లీషు గుర్తులు కనపడతాయి. కాపీలో పాడైంది కాదు, ఆ ఫాంటు అక్కడ లేదు, అంతే. ఫైలును సేవ్ చెయ్యకుండా మూసి, మీరు కొన్న ఫాంట్ల ఫైళ్ళు విండోస్ ఫాంట్స్ ఫోల్డరు నుంచి డిలోకి, అక్కణ్ణుంచి ఉబుంటు హోమ్‌లో చుక్క ఫాంట్స్ అనే ఫోల్డరు చేసి అందులోకి వేసుకోండి. లిబ్రె ఆఫీసు మూసి తెరిస్తే తెలుగు వస్తుంది. ప్యాకింగ్ లిస్టులు మాత్రం సేవ్ చేసేటప్పుడు ఎక్సెల్ రకమే ఎంచుకోండి, లిబ్రె ఆఫీసు సొంత రకమైన ఓడీఎస్‌లో పెడితే మీ బయ్యరు దగ్గర సరిగ్గా కనపడక ఫోన్ చేస్తాడేమో.